ఖాళీ సాకెట్: బయాస్ చిప్ పోయిన 1997 నాటి మదర్‌బోర్డు కేసు

ఆగస్టులో, జోరువాన పడి వెలిసిన ఒక మధ్యాహ్నం. గాజువాక ఆటోనగర్ నుంచి ఒక పెద్దాయన వచ్చి, తువ్వాలులో చుట్టిన మదర్‌బోర్డును ద్వారకానగర్‌లోని మా షాపు కౌంటరు మీద పెట్టారు. మూట విప్పి ఆయనే వేలు పెట్టి చూపించారు.

"ఇదేటి బాబూ, ఇక్కడ పన్నూడిపోయిన నోరులాగుంది?"

పాతకాలపు కార్డులు పెట్టే ఐఎస్ఏ స్లాట్ల పక్కన 32 పిన్నుల పొడవాటి సాకెట్ ఒకటి ఖాళీగా ఉంది. బయాస్ చిప్ ఉండాల్సిన చోటు అది. కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్ బయాస్, అది ఉండేది ఆ చిప్‌లోనే.

ఆయనది చిన్న వర్క్‌షాపు. వైర్‌కట్ మెషీన్ మీద డైలు, పంచ్‌లు కోసిస్తారు. సన్నటి మాలిబ్డినం తీగకీ ఉక్కుకీ మధ్య స్పార్క్ పుట్టించి కోసే మెషీన్ అది. దాన్ని నడిపేది విండోస్‌కి ముందటి డాస్ మీద పనిచేసే పాత సాఫ్ట్‌వేర్, దాంతోపాటు మోటార్లకు పల్సులు పంపే ఒక ఐఎస్ఏ కార్డు. ఆ కార్డు పెట్టుకునే స్లాట్ ఇప్పటి కంప్యూటర్లలో లేదు. 1999లో వచ్చిన 810 చిప్‌సెట్ (ప్రాసెసర్‌నీ బోర్డులోని మిగతా భాగాల్నీ కలిపే ఐసీలు) దగ్గర్నుంచే ఇంటెల్ ఐఎస్ఏను వదిలించుకోవడం మొదలుపెట్టింది. కంట్రోలర్ మొత్తం మార్చాలంటే లక్షల్లో మాట. అందుకే ఈ బోర్డు ఆయనకు ప్రాణం.

రెండు నెలల క్రితం కంప్యూటర్‌కి డిస్‌ప్లే రావడం లేదని ఒక షాపులో ఇచ్చారట. వాళ్లు మూడు వారాలు ఉంచుకుని "బోర్డు డెడ్" అని తిరిగిచ్చేశారు. ఈ ఖాళీ ఏమిటని అడిగితే, కీబోర్డు కనెక్టర్ పక్కనున్న చదరపు ఐసీ చూపించి "బయాస్ ఇదిగో ఉంది కదా" అన్నారట. అది కీబోర్డు కంట్రోలర్. ఆ ఐసీ మీదా బయాస్ అనే స్టిక్కర్ ఉంటుంది. పాత బోర్డుల దగ్గర చాలామంది బోల్తా పడేది ఇక్కడే. వీళ్లు నిజంగా పొరబడ్డారా, లేక చిప్ ఎక్కడో పెట్టి మర్చిపోయి మాట దాటేశారా అన్నది నేను తవ్వలేదు.

"చిప్పు లేదంటే బోర్డు పారేయడమేనా బాబూ?"

"అప్పుడే పారేయకండి బాబాయ్. పలక పోయింది, అంతే. పలక కొత్తది దొరుకుతుంది. దాని మీద ఏం రాసుందో అదే రాత మళ్లీ దొరకాలి. ముందు ఈ బోర్డుకి ఊపిరి ఉందో లేదో చూడనివ్వండి."

చిప్ వెతికే ముందు

చిప్ లేని బోర్డు వస్తే ఎవరైనా నేరుగా చిప్ కోసం పరిగెడతారు. కొత్తలో నేనూ అంతే. నానా తిప్పలు పడి చిప్ సంపాదించి పెట్టాక, ప్రాసెసర్‌కి కరెంటే అందడం లేదని తేలిన రోజులున్నాయి. ఇప్పుడు మాత్రం సాకెట్ ఖాళీగా ఉండగానే చూడగలిగినదంతా చూస్తాను.

ఇది పాత ఏటీ రకం బోర్డు. పవర్ సప్లై నుంచి రెండు కనెక్టర్లు వస్తాయి. నల్ల వైర్లు రెండు వైపులా మధ్యలోకి రావాలి. అటూ ఇటూ అయితే బోర్డు ఆ క్షణమే పోతుంది. మా షాపు కుర్రాడికి ఇది ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆరోజూ చెప్పాను.

ప్రాసెసర్ 200 మెగాహెర్ట్జ్ పెంటియం ఎంఎంఎక్స్. దాని కోర్‌కి 2.8 వోల్టులు అందాలి, అందుతున్నాయి. 14.318 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆడుతోంది. బూట్ ఏ దశలో ఉందో అంకెల్లో చూపించే డీబగ్ కార్డు పెడితే రెండు గీతలు తప్ప అంకె రాలేదు. చిప్ లేదు కాబట్టి రాకపోవడమే సరైనది.

అసలు పరీక్ష తర్వాతది. ఈ ప్రాసెసర్ రీసెట్ నుంచి బయటికొచ్చి మొట్టమొదట చేసే పని ఒక్కటే. 4 జీబీ అడ్రస్ పరిధి చివరికి సరిగ్గా 16 బైట్ల ముందున్న చోట మొదటి ఆదేశం కోసం చూస్తుంది. చిప్‌సెట్ ఆ అడ్రస్‌ను బయాస్ సాకెట్‌కి మళ్లిస్తుంది. అంటే చిప్ ఉన్నా లేకపోయినా, "ఉన్నావా?" అని సాకెట్ తలుపు తట్టడం మాత్రం జరిగి తీరాలి. ఆ తలుపు 22వ పిన్, చిప్ ఎనేబుల్. వోల్టేజీని తెర మీద గీతగా చూపించే ఆసిలోస్కోప్ మొన అక్కడ ఆనించి, స్క్రూడ్రైవర్‌తో రీసెట్ పిన్నులు రెండూ కలిపి వదిలాను. 5 వోల్టుల దగ్గర బిగుసుకుని ఉన్న గీత ఒక్కసారి గిలగిలా కొట్టుకుని ఆగింది. మళ్లీ కలిపి వదిలితే మళ్లీ అంతే.

ప్రాసెసర్ బతికే ఉంది. చిప్‌సెట్ బతికే ఉంది. జవాబు చెప్పేవాడే లేడు. బాబాయ్‌కి ఆ గీత చూపిస్తే, "ఈసీజీ లాగుందే" అన్నారు. దాదాపు అదే.

తర్వాత మీటర్‌తో సాకెట్ పిన్నులు చూశాను. 32వ పిన్ దగ్గర 5 వోల్టులు, 16వది గ్రౌండ్. బాగానే ఉంది. 1వ పిన్ దగ్గర మాత్రం 12 వోల్టులు చూపించింది. కంగారు పడక్కర్లేదు, పైగా అదొక ఆధారం. ఆ కాలంలో కొన్ని ఫ్లాష్ చిప్‌లకు (చెరిపి మళ్లీ రాసుకోగలిగేవి) రాయడానికి 12 వోల్టులు కావాలి, ఇంటెల్ 28ఎఫ్001బీఎక్స్ లాంటివాటికి. తర్వాత వచ్చినవి 5 వోల్టులతోనే రాసుకుంటాయి. రెండూ వాడుకోవడానికి వీలుగా సాకెట్ పక్కనే జంపర్ (పిన్నుల మీద అటూ ఇటూ మార్చి పెట్టే చిన్న తొడుగు) ఇచ్చేవాళ్లు. ఇక్కడ జంపర్ 12 వైపు ఉంది కాబట్టి, పోయిన చిప్ ఇంటెల్ రకం అయ్యుండాలి. 30వ పిన్ దగ్గర 5 వోల్టులు కనిపించడం కూడా దీనికి సరిపోయింది. ఆ ఇంటెల్ చిప్‌కి 30వ పిన్ పైకి లాగి ఉంచకపోతే అది నిద్ర లేవదు. 5 వోల్టుల చిప్ పెట్టబోతున్నాను కాబట్టి జంపర్‌ను 5 వైపు మార్చేశాను. 4 మెగాబిట్ చిప్ ఏదైనా పొరపాటున ఇలాంటి సాకెట్‌లో పెడితే, దాని 1వ పిన్ అడ్రస్ లైను. అక్కడ 12 వోల్టులు తగిలితే ఇక ఆ చిప్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

రాత ఎవరిది?

ఈ కేసులో అతి కష్టమైన భాగం ఇదే. బోర్డు మీద కంపెనీ పేరు లేదు. చిప్ మీద స్టిక్కర్ ఉంటే ఏదో దారి దొరికేది, చిప్పే లేదు. చిప్‌సెట్ ఇంటెల్ 430టీఎక్స్ అని ఐసీల మీదే రాసుంది. ఆ చిప్‌సెట్‌తో తైవాన్‌లో ఎన్ని రకాల బోర్డులు చేశారో చెప్పలేం. ఒక 430టీఎక్స్ బోర్డు బయాస్ ఇంకో 430టీఎక్స్ బోర్డులో వేస్తే ఒక్కోసారి బూట్ అవుతుంది కూడా. కానీ సీరియల్ పోర్టులు రావు, లేదంటే ఫ్లాపీ రాదు, ఐఆర్‌క్యూలు (ఒక్కో కార్డు ప్రాసెసర్‌ని పిలిచే లైన్లు) తారుమారవుతాయి. ఇంట్లో ఆటలాడుకునే కంప్యూటర్ అయితే సర్దుకోవచ్చు. లక్షల మెషీన్‌ను తిప్పే బోర్డులో "దాదాపు సరిపోయిన" బయాస్ వేయను.

"ఇది పనిచేసే రోజుల్లో ఆన్ చేస్తే తెర మీద ఏమొచ్చేదో గుర్తుందా బాబాయ్?" అనడిగాను.

"మనకి అయ్యేటి తెలుస్తాయి బాబూ! ఒకసారి ఏదో ఎర్రర్ ఒస్తే మా అబ్బాయి ఫొటో తీసి ఎవరికో పంపాడు."

ఆ మాట విని కుర్చీలోంచి లేచాను. అక్కడికక్కడే కొడుకుకి ఫోన్ చేయించాను. పావుగంటలో నా వాట్సాప్‌కి ఫొటో వచ్చింది. సీఎంఓఎస్ చెక్‌సమ్ ఎర్రర్, ఎఫ్1 నొక్కమని. బ్యాటరీ అయిపోతే వచ్చే మామూలు గోలే. నాకు కావాల్సింది ఆ ఎర్రర్ కాదు, తెర అడుగున ఉండే వరస. అవార్డ్ అనే కంపెనీ బయాస్‌లో అక్కడ తేదీ, చిప్‌సెట్, ఆ తర్వాత బోర్డు ఐడీ వరసగా ఉంటాయి. 2ఏ59ఐ అంటే ఇంటెల్ 430టీఎక్స్. దాని తర్వాతి రెండక్షరాలు తయారీదారుడి గుర్తు, ఆ తర్వాతివి మోడల్‌వి.

తయారీదారుడి అక్షరాలు చక్కగా పడ్డాయి. మోడల్ దగ్గర ఒక అక్షరం మాత్రం 8 అనాలో బీ అనాలో తెలియకుండా అలుక్కుపోయింది. వాట్సాప్ నలిపేసిన ఫొటో మరి. పాత బోర్డుల బయాస్ ఫైళ్లు దాచిపెట్టే చోట్ల వెతికితే రెండూ దొరికాయి, 8 ఉన్నదీ, బీ ఉన్నదీ. కథ మళ్లీ మొదటికొచ్చింది.

దాన్ని తేల్చింది సూపర్ ఐఓ ఐసీ. సీరియల్, ప్యారలల్, ఫ్లాపీ పోర్టుల్ని చూసుకునేది అదే. భూతద్దం పెట్టి, స్పిరిట్ దూదితో నల్ల ధూళి తుడిచి చదివాను: విన్‌బాండ్ 83877. రెండు ఫైళ్లనూ హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్‌ను బైటు బైటుగా చూపించే సాఫ్ట్‌వేర్) తెరిచి వెతికితే, ఒకదానిలో ఐటీఈ చిప్ పేరు, రెండోదానిలో విన్‌బాండ్ పేరు ఉన్నాయి. విన్‌బాండ్ ఉన్నది బీ ఫైల్. కీబోర్డు కంట్రోలర్ విడిగా ఉండటం కూడా దానికే కుదిరింది, ఎందుకంటే ఈ విన్‌బాండ్ ఐసీలో ఆ పని లేదు.

ఫైల్ బాగుందో లేదో అక్కడే ఇంకో రెండు చూశాను. సైజు ఖచ్చితంగా 1,31,072 బైట్లు, అంటే 128 కేబీ, 1 మెగాబిట్. చివరి 16 బైట్లు ఈఏ 5బీ ఈ0 00 ఎఫ్0 అని మొదలయ్యాయి. ప్రాసెసర్ మొదట తలుపు తట్టేది సరిగ్గా ఈ చోటే. ఈఏ అంటే "ఫలానా చోటికి దూకు" అనే ఆదేశం. ఆ చోట వరసగా ఎఫ్ఎఫ్‌లో సున్నాలో ఉంటే ఆ ఫైల్ సగంలో తెగిపోయిందని అర్థం.

మొదటి చిప్

నా డబ్బాలో కొత్తవి ఉన్నది ఎస్ఎస్‌టీ కంపెనీ 39ఎస్ఎఫ్020ఏ, 2 మెగాబిట్. 1 మెగాబిట్ చోట 2 మెగాబిట్ పెట్టొచ్చా అంటే పెట్టొచ్చు, కాకపోతే చిన్న కిటుకుంది. పెద్ద చిప్‌లో 30వ పిన్ అదనపు అడ్రస్ లైను. ఈ బోర్డులో అక్కడ ఎప్పుడూ 5 వోల్టులు ఉన్నాయని ఇందాక చూశాం. అంటే బోర్డు ఎప్పుడూ చిప్ పై సగాన్నే చదువుతుంది. ఫైల్‌ను కింది సగంలో మాత్రమే రాస్తే ప్రాసెసర్‌కి దొరికేది ఖాళీ. అందుకే ఫైల్‌ను దాని వెనకే మళ్లీ అతికించి, రెండు కాపీలతో 256 కేబీ చేసి టీఎల్866 ప్రోగ్రామర్‌లో (చిప్‌లను చదివి రాసే పరికరం) రాశాను. చిప్ తన గుర్తుగా చెప్పే ఐడీ బీఎఫ్ బీ6 అని వచ్చింది, అసలు ఎస్ఎస్‌టీయే. ఆన్‌లైన్‌లో పాత చిప్‌కి పేరు చెరిపి కొత్త పేరు కొట్టి అమ్మేవాళ్లున్నారు. అందుకే ఐడీ చదవకుండా ఏదీ నమ్మను.

చిప్ పెట్టబోయే ముందు సాకెట్ సంగతి. విశాఖలో ఉప్పుగాలికి ఏ కాంటాక్టూ పదేళ్లు మెరవదు. దానికితోడు ఈ సాకెట్‌లోంచి చిప్‌ను ఎవరో మామూలు స్క్రూడ్రైవర్‌తో ఒక పక్క నుంచి పైకి లేపారు. ప్లాస్టిక్ మీద ఆ గాటు కనిపిస్తోంది. పాత రెసిస్టర్ కాలు ఒకటి కత్తిరించి, 32 రంధ్రాల్లోనూ ఒక్కోసారి దింపి లాగాను. మంచి కాంటాక్టు తీగను కొంచెం పట్టుకుని వదులుతుంది, చేతికి తెలుస్తుంది. 20వ రంధ్రంలో తీగ నూతిలో చేద పడ్డట్టు జారిపోయింది. అది డేటా లైను. అక్కడ పట్టు లేకపోతే చిప్ సరైన మాట చెప్పినా బోర్డుకి ఇంకో మాట వినిపిస్తుంది. సన్నటి సూదితో లోపలి రేకును కొద్దిగా ముందుకు తెచ్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో అన్నీ కడిగి, ఆరనిచ్చాను.

చిప్ గాడి, సాకెట్ గాడి ఒకే వైపు పెట్టి నొక్కాను. పవర్ ఇవ్వగానే డీబగ్ కార్డులో అంకెలు పరిగెత్తి సీ1 దగ్గర ఆగాయి. అవార్డ్‌లో సీ1 అంటే మెమరీ వెతుకుతున్నట్టు. ర్యామ్ తీసి, కాంటాక్టుల్ని రబ్బరుతో రుద్ది, స్లాట్ మార్చి పెట్టాను. ఒక్క బీప్. తెర వెలిగింది.

ఇక్కడ ఒక మాట. రెండు నెలల కిందట డిస్‌ప్లే రాకపోవడానికి అసలు కారణం కూడా ఈ ర్యామే అని నా నమ్మకం. రబ్బరుతో పోయే జబ్బుకి బయాస్ చిప్ పీకారు.

సంబరం ఎక్కువసేపు నిలవలేదు. హార్డ్ డిస్క్ గుర్తుపట్టింది, పట్టిక వచ్చింది, "వెరిఫైయింగ్ డీఎంఐ పూల్ డేటా" దగ్గర నిలబడిపోయింది. రీసెట్ చేస్తే మళ్లీ అక్కడే. డిస్క్ తీసేసి ఫ్లాపీతో చూసినా అక్కడే. బాబాయ్ ముఖం చూడలేక టీ తెప్పించాను.

కారణం తట్టడానికి ఆ టీ అంతసేపు పట్టింది. ఈ తరం బయాస్ చిప్‌లోంచి చదువుకోవడమే కాదు, దానిలో రాస్తుంది కూడా. ఏ కార్డుకి ఏ ఐఆర్‌క్యూ ఇచ్చిందో ఆ జాబితాను, ఈఎస్‌సీడీ అంటారు, చిప్‌లోనే ఒక గదిలో దాచుకుంటుంది. కొత్త చిప్‌లో ఆ గది ఖాళీ కాబట్టి మొదటిసారి రాయాలి. కానీ రాసే పద్ధతి చిప్ చిప్‌కీ వేరు. 29ఈఈ010 లాంటివి 128 బైట్ల పేజీ చొప్పున, ముందు చెరపకుండానే తిరగరాసుకుంటాయి. 39ఎస్ఎఫ్020ఏకి ముందు 4 కేబీ సెక్టార్ చెరపాలి, తర్వాత బైటు బైటుగా రాయాలి. 1997 నాటి బయాస్‌కి తర్వాత పుట్టిన ఈ చిప్ పద్ధతి ఎలా తెలుస్తుంది? తనకు తెలిసిన పద్ధతిలో రాసింది, పడలేదు, పడేదాకా ఎదురుచూస్తూ కూర్చుంది. చదవడానికి ఏ చిప్ అయినా ఒకటే, చిక్కంతా రాయడం దగ్గరే.

రెండో చిప్

అంటే ఆ కాలపు చిప్పే కావాలి. డెడ్ బోర్డులు పడేసే అట్టపెట్టెలో గంటసేపు వెతికితే, పెంటియం కాలపు పాత సాకెట్ 7 బోర్డు ఒకదాని మీద ఎస్ఎస్‌టీ 29ఈఈ010 దొరికింది. రెండు చివరలా కొంచెం కొంచెంగా లేపుతూ తీశాను. ఐడీ బీఎఫ్ 07. దానిలో ముందున్నది ఒక కాపీ తీసి దాచి (ఎప్పుడు ఏది అవసరం పడుతుందో), చెరిపి, మన 128 కేబీ ఫైల్ రాసి, వెరిఫై చేశాను. దీనికి రెండు కాపీల కిటుకు అక్కర్లేదు, 30వ పిన్‌కి లోపల కనెక్షనే లేదు.

ఈసారి డీఎంఐ దగ్గర ఒక్క క్షణం ఆగి, ఈఎస్‌సీడీ అప్‌డేట్ అయిందని చెప్పి ముందుకెళ్లింది. రెండోసారి ఆన్ చేస్తే ఆ మాట కూడా లేదు, నేరుగా దాటింది. దాచుకున్నది దొరికిందన్నమాట.

మిగిలినవి సెట్టింగులు. కొత్త సీఆర్2032 బ్యాటరీ వేశాను. డిస్క్‌ను ఆటో డిటెక్ట్‌లో పెడితే నార్మల్, ఎల్‌బీఏ, లార్జ్ అని డిస్క్‌లోని చోట్లను లెక్కించే పద్ధతులు మూడు చూపిస్తుంది. డిస్క్‌ను ఫార్మాట్ చేసినప్పుడు ఏది వాడారో అదే ఎంచాలి. ఎల్‌బీఏ పెడితే "మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టం" అంది, నార్మల్ పెడితే డాస్ వచ్చింది. ఏదీ రాయకుండా చూడటమే కాబట్టి డేటాకి ఏమీ కాలేదు. ఐఎస్ఏ కార్డు మీద జంపర్ ఐఆర్‌క్యూ 10 దగ్గర ఉంది. ఈ కార్డుకి ప్లగ్ అండ్ ప్లే, అంటే తన ఐఆర్‌క్యూని తనంతట తాను సర్దుకోవడం, తెలీదు. బయాస్‌లో ఐఆర్‌క్యూ 10ని లెగసీ ఐఎస్ఏకి (పాత రకం ఐఎస్ఏ కార్డులకి) కేటాయించకపోతే ఇంకే పీసీఐ కార్డుకో ఇచ్చేస్తుంది, మెషీన్ ఒకసారి తిరిగి ఒకసారి తిరగక పిచ్చెక్కిస్తుంది. అది మార్చి, ఆ స్క్రీన్లన్నీ ఫొటోలు తీసి బాబాయ్ కొడుక్కి పంపాను. ఈసారి వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా, నలగకుండా.

మర్నాడు ఆటోనగర్ వెళ్లి బిగించాను. 10 మిల్లీమీటర్ల పలకలో ఒక చతురస్రం కోయించి, బాబాయ్ వెర్నియర్ పెట్టి నాలుగు వైపులా కొలిచారు. ఆయన తల ఊపిందాకా నేను టూల్ కిట్ మూయలేదు. పనికి 1,800, చిప్‌లకు 400 తీసుకున్నాను. ఇంకో 29ఈఈ010 దొరికినప్పుడు అదే ఫైల్ రాసి ఇస్తానన్నాను.

ఆ అవసరం రాలేదు. మూడు వారాల తర్వాత బాబాయ్ ఒక అగ్గిపెట్టె తెచ్చి నా ముందు పెట్టారు. లోపల దూదిలో ఇంటెల్ 28ఎఫ్001బీఎక్స్. ముందు ఇచ్చిన షాపువాళ్లు ఇంకో బోర్డులో పెట్టి చూసి, అక్కడే వదిలేశారట. ఆ బోర్డు తుక్కుకి వేసేటప్పుడు బయటపడిందట. ఒక పిన్ వంగింది తప్ప బాగానే ఉంది. ప్రోగ్రామర్‌లో చదివి, నేను రాసిన ఫైల్ పక్కన పెట్టి పోల్చాను. 1,31,072 బైట్లలో తేడా వచ్చినవన్నీ బయాస్ తన లెక్కలు రాసుకునే రెండు 4 కేబీ గదుల్లోనే ఉన్నాయి. మిగతాదంతా అక్షరం పొల్లుపోలేదు. ఆ అలుక్కుపోయిన అక్షరం బీయే.

"పాతదే పెట్టేద్దామా బాబూ?" అన్నారు బాబాయ్.

వద్దన్నాను. వంగిన పిన్ సరిచేసి, నల్ల ఫోమ్‌లో గుచ్చి, క్యాబినెట్ లోపల గోడకి టేపు వేసి అంటించుకోమన్నాను. దీన్ని పెట్టాల్సివస్తే జంపర్ మళ్లీ 12 వైపు మార్చాలని ఆ టేపు మీదే రాసిచ్చాను.